కొండ మీద వదిలేసే క్వాడ్ బైక్‌కి కాపలా: ఉత్తర ఇంగ్లండ్ గొర్రెల ఫారం నుంచి ఒక కేస్ స్టడీ

ఉత్తర ఇంగ్లండ్‌లో ఏ66 రోడ్డుకి కొంచెం ఎగువన, పెన్నైన్ కొండల అంచున ఉన్న గొర్రెల ఫారం ఇది. యజమాని అరవై దాటిన పెద్దాయన. పనిలో సగం ఆయన కూతురిదే. వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను కానీ పేర్లు, ఊరు చెప్పను. బండి ఎక్కడ పెడతారో, దానికి ఏం బిగించామో ఇందులో అంతా ఉంది కాబట్టి చెప్పకపోవడమే మంచిది. ఈ ప్రాంతంలో ఫారాలకు, చిన్న వర్క్‌షాపులకు సెక్యూరిటీ ఏర్పాట్లు చేయడం నా పని.

క్వాడ్ బైక్ అంటే మనవాళ్లకి విశాఖ బీచ్‌లోనో వికారాబాద్ రిసార్టులోనో సరదాగా ఒక రౌండు కొట్టే నాలుగు చక్రాల బండి. ఇక్కడి కొండ రైతుకి మాత్రం అది లేకపోతే రోజు గడవదు. బురదలో, రాళ్లలో, నిటారు వాలులో దాణా బస్తాలు, కుక్కలు, జబ్బుపడ్డ గొర్రె అన్నీ దాని మీదే వెళ్తాయి. కొత్తది కొనాలంటే మోడల్‌ని బట్టి ఏడు నుంచి పది వేల పౌండ్ల దాకా అవుతుంది. బరువు మూడు వందల కిలోల అటూ ఇటూ. అంటే నలుగురు గట్టివాళ్లు ఉంటే వ్యాన్‌లోకి ఎక్కించేయొచ్చు, ర్యాంపు ఉంటే ఇద్దరు చాలు. రైతుల బీమా సంస్థ ఎన్‌ఎఫ్‌యూ మ్యూచువల్ అంచనా ప్రకారం 2023లో యూకేలో క్వాడ్, ఏటీవీ (ఇలా ఎలాంటి నేల మీదైనా నడిచే బండ్లు) దొంగతనాల నష్టం సుమారు 32 లక్షల పౌండ్లు. ఏ66 రోడ్డు పెన్రిత్ దగ్గర ఎం6నీ, స్కాచ్ కార్నర్ దగ్గర ఏ1(ఎం)నీ, అంటే రెండు పెద్ద హైవేలని కలుపుతుంది. కొండ దిగి ఆ రోడ్డెక్కిన వ్యాన్ తెల్లారేసరికి దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు.

మొదటి బండి ఎలా పోయింది

జనవరిలో ఒక రాత్రి పోయింది. ఇంటికి రోడ్డు మీదుగా మూడు మైళ్ల దూరంలో, కొండ మొదట్లో వీళ్లకి రాతిగోడల గొర్రెల దొడ్డి ఉంది. బండి అక్కడే, గేటు స్తంభానికి గొలుసుతో కట్టి ఉంది. తాళంచెవి ఇంట్లోనే ఉంది. పొద్దున వెళ్లి చూస్తే బండి లేదు, గొలుసు మాత్రం ఉంది. వేసిన తాళం వేసినట్టే ఉంది. రెండు చుట్లు చుట్టిన ఆ గొలుసు మధ్యలో జానెడు పొడవు నల్లపెయింటు గొట్టం ముక్క ఇరుక్కుని ఉంది. అది బండి ముందు క్యారియర్ ముక్క. దొంగలు గొలుసు జోలికి పోలేదు. గొలుసు చుట్టిన గొట్టాన్నే రెండు వైపులా కోసేశారు. ఒక్కొక్క కోత నిమిషం కూడా పట్టి ఉండదు, అది పలచటి గొట్టం.

గేటు సంగతీ అంతే. గేటుకి మంచి తాళమే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. గేటు వేలాడే రెండు బందుల కొక్కేలూ పైకే చూస్తుంటాయి. గేటుని రెండు చేతులతో పైకెత్తి, కొక్కేల నుంచి ఊడదీసి, పద్ధతిగా గోడకి ఆనించి పెట్టారు. బండిని స్టార్ట్ కూడా చేయలేదు. కాలి గేరు బండికి తాళంచెవి లేకపోయినా న్యూట్రల్‌లో వేయొచ్చు, హ్యాండ్‌బ్రేకు లాక్ వేలితో తీసేయొచ్చు. మంచు పట్టిన గడ్డి మీద టైరు జాడలు దొడ్డి నుంచి సందు దాకా దిగాయి. మడుగుల దగ్గర మాత్రమే బూటు గుర్తులు కనిపించాయి. వాలు వాళ్ల పని సగం చేసిపెట్టింది.

పోలీసులకి ఫిర్యాదు చేశారు, బీమా డబ్బు కొంత కోతతో వచ్చింది. కొత్త బండికి ఆర్డరు పెట్టారు. అప్పుడు పెద్దాయన నాకు ఫోన్ చేసి, మార్కెట్‌లో ఉన్నవాటిలో అన్నిటికన్నా లావు గొలుసు ఏదో చెప్పమన్నారు. గొలుసు గురించి తర్వాత మాట్లాడదాం, కొత్త బండి ఎప్పుడు వస్తుందో చెప్పండి అన్నాను. ఈ దొంగతనాల్లో ఒక అలవాటు ఉంది. బీమా డబ్బుతో కొత్త బండి వస్తుందని దొంగలకి తెలుసు. దారి, గేటు, కుక్క మొరిగే వేళ అన్నీ ఒకసారి చూసినవే. కొన్ని వారాలు ఆగి మళ్లీ వస్తారు. కాబట్టి ఏర్పాట్లన్నీ బండి రాకముందే సిద్ధంగా ఉండాలి.

ముందు అడిగిన ప్రశ్న: ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు?

కొత్తది వచ్చేదాకా పక్క రైతు తన పాత క్వాడ్ అరువిచ్చాడు. దానికి ఒక మామూలు జీపీఎస్ ట్రాకర్ కట్టి కొన్నాళ్లు వదిలేశాను. బండి ఎక్కడెక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అన్నది మ్యాప్ మీద పడింది. మేం ఎక్కడెక్కడ పెడతామో మాకు తెలియదా అని పెద్దాయనకి మొదట కొంచెం చిరాకు వచ్చింది. కాగితం మీద చూపించాక కూతురు నవ్వింది, ఆయన మాట్లాడలేదు.

దొడ్డి దగ్గర రాత్రి ఆగడం అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకొకటి ఉంది. సందు పక్కన గోడ విరిగిన చోట బండి ఆపేసి, కుక్కల్ని తీసుకుని ఆయన కాలినడకన మూర్ (కొండ మీది బయలు మేత నేల) మీదకి వెళ్లిపోతారు. వారంలో చాలాసార్లు రెండు మూడు గంటలు బండి అక్కడే ఉంటోంది. అది ఎవరైనా కారులో వెళ్తూ చూడగలిగే చోటు. ఆయన్ని అడిగితే తేలింది, తాళంచెవి బండికే ఉంటుందట. ఇవి కాక పొలాల్లో అయిదు నిమిషాల లోపు ఆగే ఆగుళ్లు లెక్కలేనన్ని. ఒక గొర్రెని పట్టుకోవడానికో గేటు తీయడానికో దిగుతారు, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది.

ఈ కేసులో నేను చేసిన ముఖ్యమైన పని ఇదేనని అనుకుంటాను. బండి ఒంటరిగా ఉండడం అంటే ఒకే పరిస్థితి కాదు. రెండు నిమిషాల ఆగుడు, సగం పూట ఆగుడు, రాత్రి ఆగుడు అని మూడు రకాలు. మూడింటికీ ఒకే గొలుసుతో జవాబు చెప్పబోతే, అది రాత్రికి చాలదు, రెండు నిమిషాలకి భారమవుతుంది. రోజుకి యాభైసార్లు దిగి ఎక్కే మనిషి ప్రతిసారీ ఏడెనిమిది కిలోల గొలుసు చుట్టడు. ఏ మనిషైనా అంతే, బద్ధకం కాదు. చుట్టమని చెప్పే సలహాదారుడికి పొలం పని తెలియదని అర్థం.

రాత్రి ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అనే ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది, నేనూ అడిగాను. క్వాడ్‌ని రోడ్డు మీద నడపాలంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి. అవి తీసుకోవచ్చు. కానీ గడ్డకట్టిన నిటారు దారిలో చీకట్లో క్వాడ్ నడపమని నేను ఎవరికీ చెప్పను. పోనీ ట్రైలర్ మీద తెస్తేనో అంటే కూతురు ఒక్క ముక్కలో తేల్చేసింది. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే రోజుల్లో రాత్రి రెండింటికి ఒకసారి, అయిదింటికి ఒకసారి వెళ్లాలి. పికప్‌లో వెళ్లి, అక్కడున్న క్వాడ్ ఎక్కి మందలోకి పోవాలి. ఆ నిద్రమత్తులో ట్రైలర్ కట్టడం, విప్పడం అయ్యేది కాదు. సరే, బండి అక్కడే ఉంటుందనుకుని ప్లాన్ వేశాం.

రెండు నిమిషాల ఆగుడు

దీనికి ఖర్చయింది పది పౌండ్ల లోపే. బటన్ నొక్కితే సాగి, వదిలేస్తే లోపలికి చుట్టుకుపోయే కీ రీల్ ఒకటి ఉంటుంది, ఆఫీసుల్లో ఐడీ కార్డులకి కట్టుకుంటారే, దాని గట్టి రకం. ఒక కొస కోటు జిప్ దగ్గరి రింగుకి, ఇంకో కొస తాళంచెవికి. బండి దిగి నాలుగడుగులు వేస్తే కోటు లాగుతుంది. తాళంచెవి తిప్పి తీసుకోకుండా పోలేరు. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, మరిచిపోతే కోటే గుర్తుచేస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బండి బోల్తా పడితే తాడు మనిషిని లాక్కుపోకూడదు, అందుకని బలంగా లాగితే విడిపోయే క్లిప్ ఉన్న రీలే వాడాలి. క్వాడ్ బోల్తా పడి చనిపోయే రైతులు ఈ దేశంలో ఏటా ఉంటారు. దొంగతనం ఆపబోయి దానికి తోడ్పడే పని చేయకూడదు.

దీనితో పాటు కొత్త బండికి ట్యాగ్ ఇమ్మొబిలైజర్ పెట్టాను. జేబులో ట్యాగ్ ఉంటేనే స్టార్టరూ ఫ్యూయల్ పంపూ పనిచేస్తాయి. ఇంజన్ ఆపి, ట్యాగ్ దూరం వెళ్లిన కొద్ది సెకన్లకి దానంతట అదే లాక్ అయిపోతుంది. నడుస్తున్న ఇంజన్‌ని ఇది ఆపదు, ఆపకూడదు కూడా, వాలు మీద నడుస్తున్న బండి హఠాత్తుగా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇంజన్ ఆపించే ఆ పది పౌండ్ల రీల్ లేకపోతే వందల పౌండ్ల ఇమ్మొబిలైజర్ ఉన్నా లేనట్టే. ట్యాగ్‌నీ తాళంచెవినీ ఒకే రింగుకి తగిలించొద్దని రెండుసార్లు చెప్పాను. కూతురు ట్యాగ్‌ని ఫోన్ కవరులో పెట్టుకుంది, అది బాగుంది.

సగం పూట ఆగుడు

గోడ విరిగిన చోటు నుంచి బండిని జరిపించడమే ఇక్కడ మొదటి పని. ఎక్కడికి అన్న దాని మీద చాలా వాదన జరిగింది. ఎవరికీ కనపడకుండా దాచాలని పెద్దాయన. పూర్తిగా దాచితే దొంగ కూడా ప్రశాంతంగా పని చేసుకుంటాడని నేను. రోడ్డు మీద వెళ్లేవాళ్లకి కనపడకూడదు, కానీ పక్కవాళ్ల కిటికీలోంచి కనపడాలి. వంద గజాలు పైకి, గోడ వెనక అలాంటి మూల ఒకటి దొరికింది. లోయ అవతల ఉన్న ఇంటి వంటగది కిటికీకి అది ఎదురుగా ఉంటుంది. ఆ ఇంటావిడ రోజులో సగం ఆ కిటికీ దగ్గరే ఉంటుంది. ఆవిడకి చెప్పి, ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాం.

ఇక ఆ మూలలో హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పి, చిన్న లాక్‌తో ఫ్రేముకి బిగించేస్తారు. చక్రాలు అడ్డంగా ఉన్న బండిని తోస్తే గుండ్రంగా తిరుగుతుందే కానీ సందులోకి దిగదు, సన్నటి ర్యాంపు మీదకి అసలే ఎక్కదు. ఇనుము కోసే గ్రైండర్ ఉంటే ఈ లాక్ కోసేయొచ్చు. కానీ పట్టపగలు, ఎవరో చూస్తారన్న భయం ఉన్న చోట ఇది చాలు. కిలో లోపు బరువు, బండి మీదే ఉంటుంది. వాడడానికి పది సెకన్లు. వీళ్లు నిజంగా వాడుతున్నారా అని అనుమానం వచ్చి, తర్వాత ఒకసారి చెప్పకుండా వెళ్లి చూశాను. బిగించే ఉంది.

రాత్రి

పట్నంలో గొలుసు కోస్తుంటే చప్పుడవుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, ఎవరో కిటికీ తెరుస్తారు. గొలుసు బలంలో సగం చుట్టుపక్కల జనమే. కొండ మీద ఆ సగం ఉండదు. అర్ధరాత్రి బ్యాటరీ గ్రైండర్ పెట్టి గంటసేపు కోసినా వినేవాళ్లు లేరు. మన దగ్గర పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయేవాళ్లకీ ఇదే ధీమా. ఎంత లావు గొలుసైనా గ్రైండర్‌కి కొన్ని నిమిషాల పనే. కాబట్టి వాళ్లు వచ్చారని ముందు తెలియాలి, తెలిసిన తర్వాత గొలుసు వాళ్లని ఆపుతూ ఉండాలి. తెలియకముందు గొలుసు ఆపిన నిమిషాల వల్ల మనకి ఒరిగేదేమీ లేదు. ఇంటి నుంచి పికప్‌లో దొడ్డికి పది నిమిషాలు పడుతుంది. పోలీసులు రావడానికి ఎంత పడుతుందో ఆ రాత్రి వాళ్ల బండి ఏ మూల ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

తెలియజేసేది ఏది? కదలిక పట్టే మామూలు సెన్సర్ ఇక్కడ పనికిరాదు. గొర్రె నడిస్తే మోగుతుంది, జింక దూకితే మోగుతుంది. నాలుగు రాత్రులు లేపితే అయిదో రాత్రి ఎవరైనా దాన్ని ఆపేసి పడుకుంటారు. అందుకే సందు మొదట్లో, నేలలో అడుగున్నర లోతున, వాహనాల్ని పసిగట్టే అయస్కాంత ప్రోబ్ పాతాం. ఎంత మంద దాని మీదుగా నడిచినా కిక్కురుమనదు, కారో వ్యానో వెళ్తే మాత్రం వెంటనే సిగ్నల్ పంపుతుంది. గేటు తీసే మనిషి జేబులోని చాకుకి మోగదు కదా అని పెద్దాయన అడిగారు. మోగదు, దానికి వాహనమంత ఇనుము కావాలి.

సిగ్నల్ ఇంటికి చేరడమే అసలు తలనొప్పి. దొడ్డి దగ్గర సెల్ సిగ్నల్ ఒక మూల వస్తే ఇంకో మూల రాదు. పాత రకం ట్రాకర్లు చాలా 3జీ మీద నడిచేవి. ఇక్కడి కంపెనీలు 2024 నుంచి ఒక్కొక్కటిగా 3జీ ఆపేయడంతో వాటిలో కొన్ని ఉన్నట్టుండి మూగబోయాయి. 2జీ కూడా 2033కల్లా పూర్తిగా పోతుంది. అందుకని ప్రోబ్ నుంచి ఇంటి చూరు దాకా లైసెన్సు అక్కర్లేని 868 మెగాహెర్ట్జ్ రేడియో లింక్ వేశాం. మధ్యలో కొండ అడ్డం లేకపోవడం మా అదృష్టం. బండి లోపలి ట్రాకర్‌కి మాత్రం ఏ నెట్‌వర్క్ దొరికితే దాన్ని పట్టుకునే రోమింగ్ సిమ్ వేశాం.

ట్రాకర్ గురించి ఒక మాట. చాలామంది రైతులు ఫోన్ కంపెనీల చిన్న బ్లూటూత్ బిళ్లలు బండిలో దాచుతున్నారు. ఆ బిళ్ల తనంతట తాను ఏమీ చెప్పలేదు, పక్కనుంచి వెళ్లే వేరేవాళ్ల ఫోన్ల ద్వారానే తన జాడ తెలుపుతుంది. కొండ మీద వెళ్లే ఫోన్లు ఎక్కడ? పైగా తనది కాని బిళ్ల ఏదో తనతో ప్రయాణిస్తోందని దొంగ ఫోన్‌కే హెచ్చరిక వచ్చేస్తుంది. ఆడవాళ్ల వెంట పడేవాళ్ల నుంచి రక్షణగా పెట్టిన ఏర్పాటు అది, ఉండాల్సిందే. కానీ బండి కాపలాకి ఆ బిళ్లని నమ్ముకోలేం. అసలు ట్రాకర్‌కీ హద్దులున్నాయి. సిగ్నళ్లని అడ్డుకునే జామర్ పెడితే మూగబోతుంది, ఇనుప కంటైనర్‌లో పెడితే కష్టం. జీపీఎస్‌తో పాటు వీహెచ్‌ఎఫ్ రేడియో బీకన్ (తన ఉనికి తెలిపే రేడియో సిగ్నల్ పంపే పరికరం) కూడా ఉన్న రకం తీసుకుంటే కంటైనర్ పక్కనుంచి వెళ్లే రికవరీ బృందానికి దొరికే వీలు ఎక్కువ. కొందరు దొంగలు ఎత్తుకెళ్లిన బండిని రెండు మూడు రోజులు రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే ఏదో లే-బైలో వదిలేసి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో చూస్తారు. ఆ రెండు మూడు రోజులే ట్రాకర్‌కి మంచి అవకాశం.

ఇప్పుడు గొలుసు. గట్టిపరిచిన స్టీలుతో చేసిన 16 మిల్లీమీటర్ల గొలుసు తీసుకున్నాం. చేత్తో పట్టే బోల్ట్ కట్టర్‌కి (ఇనుము తెంపే పెద్ద కత్తెర) ఇది లొంగదు. పది, పన్నెండు మిల్లీమీటర్లవి పెద్ద కట్టర్‌కి లొంగుతాయి. యూకేలో తాళాల్ని పగలగొట్టి పరీక్షించి గ్రేడు ఇచ్చే సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ ఉంది, మాస్టర్ లాక్‌స్మిత్స్ అసోసియేషన్ నడుపుతుంది. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గ్రేడులు. గొలుసు, తాళంకప్ప రెండూ ఒకే గ్రేడువి ఉండాలి. డైమండ్ గొలుసుకి సంతలో కొన్న తాళంకప్ప వేసిన ఫారాలు చూశాను. మీటరుకి అయిదు కిలోల పైమాటే ఉండే ఈ గొలుసుని ఎవరూ మోయరు కాబట్టి అది దొడ్డిలోనే ఉంటుంది.

దేనికి కట్టాలి అన్నదే పోయినసారి కొంప ముంచింది. ఈసారి దొడ్డిలో, రెండు రాతిగోడలు కలిసే మూలలో గొయ్యి తీశాం. పొడవు, వెడల్పు, లోతు మూడూ అరవై సెంటీమీటర్లు. నిండా కాంక్రీటు పోస్తే దిమ్మ బరువు అయిదు వందల కిలోలు దాటుతుంది. కాంక్రీటులో పాతడానికే తయారుచేసిన స్టీలు యాంకర్ అందులో నిలిపాం. దొడ్డి మధ్యలో ఎందుకు పెట్టలేదంటే, గొర్రెల కాళ్లు రింగులో ఇరుక్కుంటాయి. మూలలో అయితే దొంగకి గ్రైండర్ తిప్పడానికి చోటూ తక్కువే. గొలుసుని క్యారియర్‌కీ బంపర్‌కీ కాకుండా, వెనక చాసిస్ ప్రధాన గొట్టం చుట్టూ తిప్పి తెస్తాం. చక్రంలోంచి తేవడమూ వద్దు, నాలుగు నట్లు విప్పితే చక్రం వచ్చేస్తుంది. ఇంకొకటి, గొలుసు నేల మీద పడి ఉండకూడదు. నేల మీద ఉంటే కట్టర్ ఒక పిడిని భూమికి ఆనించి మనిషి బరువంతా వేయొచ్చు, లేదా రాయి మీద పెట్టి సుత్తితో కొట్టొచ్చు. పొట్టిగా, బిగువుగా, గాల్లో ఉండాలి.

గేటు పని అరగంటలో అయిపోయింది. పై కొక్కేన్ని ఊడదీసి తలకిందులుగా బిగించాం. ఇక గేటుని ఎత్తలేరు.

గుర్తులు, చట్టం

సీజర్ అనే రిజిస్ట్రేషన్ పథకం ఇక్కడ 2007 నుంచి ఉంది. బండి మీద త్రికోణాకారపు ప్లేట్లు, లోపల కనపడని చిప్‌లు, కంటికి ఆనని చుక్కలు, రసాయన గుర్తు. పోలీసు ఒక ప్లేటు నంబరు చూసి బండి ఎవరిదో అక్కడికక్కడే కనుక్కోవచ్చు. ప్లేటు దొంగతనాన్ని ఆపదు, అమ్ముకోవడాన్ని ఇబ్బందిపెడుతుంది. క్వాడ్‌లకి చిన్న సైజు ప్లేట్లు ఉన్నాయి. బండి ఫ్రేము నంబరు, గీతలు, అతుకులు అన్నిటినీ ఫొటోలు తీసి కూతురు ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ పెట్టించాను. మొదటి బండి ఫ్రేము నంబరు పోలీసులకి ఇవ్వడానికి పాత బిల్లు వెతకడంలోనే వాళ్లకి ఒక పూట పోయింది.

2023 జులైలో పార్లమెంటు ఎక్విప్‌మెంట్ థెఫ్ట్ ప్రివెన్షన్ చట్టం చేసింది. కొత్తగా అమ్మే క్వాడ్‌లకి ఇమ్మొబిలైజర్, ఫోరెన్సిక్ గుర్తులు ఉండేలా చేయాలన్నది దాని ఉద్దేశం. వివరాలు విడిగా చేసే నిబంధనల్లో ఉంటాయి. ఆ చట్టం కొత్త బండ్ల గురించి. ఊళ్లో తిరుగుతున్న పాత బండ్లకి ఎవరి జాగ్రత్త వాళ్లదే.

తర్వాత ఏమైంది

మొదట్లో ప్రోబ్ రెండుసార్లు రాత్రిళ్లు లేపింది. ఒకటి దారి తప్పిన క్యాంపర్ వ్యాన్, ఇంకొకటి పశువుల డాక్టరు. డాక్టరుని పిలిపించింది వాళ్లే, సంగతి మరిచిపోయారు. గొర్రెల వల్ల మాత్రం ఒక్కసారీ మోగలేదు.

మే నెలలో మళ్లీ మోగింది, రాత్రి ఒంటిగంట దాటాక. కూతురు ముందుగా పోలీసుల అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసింది. ఎదురు పడొద్దని, దూరం నుంచి లైట్లు వేసుకుని వెళ్లి వ్యాన్ నంబరు, రంగు చూస్తే చాలని ముందే మాట్లాడుకున్నాం. వీళ్లు వెళ్లేసరికి వ్యాన్ వెనక లైట్లు సందు చివర మలుపు తిరుగుతున్నాయి. నంబరు దొరకలేదు. గేటు తాళం కోసేసి ఉంది. బండి అక్కడే ఉంది. పొద్దున నేను వెళ్లి చూస్తే గొలుసు ఒక లింకు మీద ఎదురెదురుగా రెండు మెరిసే గాట్లు ఉన్నాయి. మిగతా లింకంతా బురదలో నల్లబడి, ఆ రెండు చోట్ల మాత్రం గోరంత మేర తళతళలాడుతున్నాయి. కట్టర్ పళ్లు ఆనిన గుర్తులవి. వాళ్లు కట్టరే తెచ్చారు. గ్రైండర్ తెచ్చి ఉంటే ఆ పది నిమిషాలు చాలేవో లేదో నేను చెప్పలేను. పికప్ లైట్లు చూసి పారిపోయారో, గొలుసు లొంగక విసుగెత్తి పోయారో కూడా తెలియదు. గొలుసు గెలిచిందని పెద్దాయన అంటారు. నా ఓటు ప్రోబ్‌కి.

అదే వారంలో లోయకి ఇంకోవైపు ఒక ఫారంలో క్వాడ్ పోయింది. ఒకే ముఠానో కాదో తెలియదు. కానీ ఒక చోట తలుపు గట్టిగా వేస్తే దొంగ పక్క తలుపు తడతాడన్నది ఈ పనిలో మేం రోజూ చూసేదే. ఆ తర్వాత నాలుగైదు ఫారాలు కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాయి. ప్రోబ్ హెచ్చరిక ఇప్పుడు ఆ గ్రూపుకీ వెళ్తుంది. లోయలోంచి బయటపడే దారులు రెండే కాబట్టి, ఆ రెండు దారుల పక్క ఇళ్లవాళ్లు లేచి వరండా లైటు వేసి కిటికీలోంచి చూస్తారు. అంతకుమించి ఏమీ చేయొద్దని గ్రూపులో మొదటి మెసేజీగా పెట్టి ఉంది.

పక్క రైతు తన బండికీ అలాంటి కాంక్రీటు దిమ్మే కావాలన్నాడు. ఆయన బండి ఆపే చోటు సొంత భూమి కాదు, అందరి గొర్రెలూ మేసే కామన్ ల్యాండ్. 2006 నాటి కామన్స్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం అక్కడ కాంక్రీటు పోయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అది తేలేదాకా, తన సొంత గోడ లోపలికి బండి తెచ్చుకుని, అక్కడున్న పెద్ద బండరాయికి రెసిన్ అనే గట్టి జిగురుతో యాంకర్ దించుకున్నాడు. రాయి పగుళ్లు లేనిదైతే అదీ గట్టిదే.

ఖర్చు మొత్తం, కాంక్రీటు కూలి వాళ్లే చేసుకున్నారు కాబట్టి, వెయ్యి పౌండ్ల పైన కొంత తేలింది. ట్రాకర్ చందా ఏటా అదనం. కొత్త బండి వెలలో ఇది ఎనిమిదో వంతు అనుకోండి.

మిగిలిన చిక్కు బ్యాటరీ. ట్రాకరూ ఇమ్మొబిలైజరూ కలిసి బండి ఆగి ఉన్నప్పుడు కూడా పదమూడు మిల్లీయాంపులు లాగుతున్నాయి. అంటే రోజుకి సుమారు 0.3 ఆంపియర్ అవర్లు. క్వాడ్ బ్యాటరీ పన్నెండు పద్నాలుగు ఆంపియర్ అవర్లది, సగం ఖాళీ అయితే చలికి స్టార్ట్ అవదు. లెక్కన మూడు వారాలు కదపకపోతే బండి లేవదు. రోజూ తిరిగే ఏప్రిల్‌లో ఇది సమస్య కాదు. గడ్డి కోతల సీజన్‌లో బండి రోజుల తరబడి ఆగినప్పుడు ఒకసారి మొరాయించింది. దొడ్డి గోడ మీద చిన్న సోలార్ ప్యానెల్ పెట్టి, వైరు చివర ప్లగ్ ఇచ్చాను. రాత్రి గొలుసు వేసే చేత్తోనే ఆ ప్లగ్ కూడా పెట్టాలి. కూతురు పెడుతుంది, పెద్దాయన సగం రోజులు మరిచిపోతారు. వచ్చే నెల వెళ్లినప్పుడు ఆ ప్లగ్‌ని తాళంకప్ప వేలాడే కొక్కెం పక్కకే జరపాలి.